విజయనగరంలో ఉంటూ టాంగో నేర్చుకోవచ్చా?

ప్రశ్న: మాది విజయనగరం. నా వయసు 41. కళాశాలలో అధ్యాపకురాలిగా పనిచేస్తున్నాను. చిన్నతనంలో కొన్నాళ్లు కూచిపూడి నేర్చుకున్నాను. మావారి ఉద్యోగరీత్యా బెంగళూరులో ఉన్నప్పుడు కొన్ని నెలలు అర్జెంటీనా టాంగో తరగతులకు వెళ్లాను. అక్కడ ఒకసారి ధైర్యం చేసి మిలోంగాకు, అంటే టాంగో చేసేవారంతా సాయంకాలం కలిసే కూడికకు, ఒంటరిగా వెళ్లాను. రెండు గంటలు కుర్చీలోనే కూర్చున్నాను, ఒక్కరూ నన్ను పిలవలేదు. ఇప్పుడు బదిలీ మీద సొంత ఊరికి వచ్చేశాం. ఇక్కడ టాంగో నేర్పేవారు నాకు కనబడలేదు. విశాఖపట్నంలో సాల్సా తరగతులు ఉన్నాయి, అందులో చేరమని స్నేహితురాలు అంటోంది. మావారేమో తనకు తాళజ్ఞానం లేదని తప్పించుకుంటున్నారు. పరాయి మగవాళ్లను పట్టుకుని చేసే నాట్యమేమిటని మా అత్తయ్యగారు బాధపడుతున్నారు. నలుగురైదుగురిని కూడగట్టి నేనే ఒక చిన్న బృందం మొదలుపెడదామని ఉంది, కానీ గురువును కాని నాకు ఆ అర్హత ఉందా? తిరిగేటప్పుడు మోకాలు నొప్పి పెడుతోంది కూడా. ఈ వయసులో ఇది నాకు తగునా? — ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీరు అడిగినవాటిలోకి వెళ్లే ముందు ఆ బెంగళూరు సాయంకాలం గురించి చెప్పాలి. ఆ రెండు గంటల బాధ మీకు ఇంకా తీరలేదని ఉత్తరం చదువుతుంటేనే తెలుస్తోంది. మిమ్మల్ని ఎవరూ పిలవకపోవడానికి మీ నాట్యం కారణం కాదు, దాన్ని అక్కడ ఎవరూ చూడనే లేదు. టాంగో కూడికల్లో పిలుపు సాధారణంగా నోటితో జరగదు, చూపుతో జరుగుతుంది. గదికి ఆ చివర కూర్చున్నవారు ఈ చివరనున్నవారి వైపు చూస్తారు. ఇష్టమైతే వీరు ఆ చూపును అందుకుంటారు. అప్పుడు వారు తల కొద్దిగా వంచి సైగ చేస్తారు, వీరు తల ఊపి ఒప్పుకుంటారు. ఈ సైగను కబెసేయో అంటారు. ఇష్టం లేనివారు చూపు పక్కకు తిప్పుకుంటే సరిపోతుంది. ఒకరు అడిగిన సంగతి గానీ, మరొకరు కాదన్న సంగతి గానీ మూడో మనిషికి తెలియదు కాబట్టి ఎవరి గౌరవానికీ లోటు రాదు. ఈ పద్ధతి తెలియని కొత్తవారు చేసేవారి పాదాలను చూస్తూనో, పక్కవారితో మాట్లాడుతూనో, ఫోనులో తల దూర్చో కూర్చుంటారు. అలాంటప్పుడు పిలవాలని ఉన్నవారికి కూడా దారి ఉండదు.

ఈసారి ఏ ఊళ్లో మిలోంగాకు వెళ్లినా, గది నిండక ముందే, మొదటి అరగంటలోనే చేరుకోండి. నలుగురికీ కనబడే చోట, నాట్యం చేసే నేలకు దగ్గరగా కూర్చోండి. ఫోను సంచిలో పెట్టేయండి. పాటలు మూడేసి, నాలుగేసి చొప్పున ఒకే వాద్యబృందానివి వరుసగా వస్తాయి, ఆ వరుసను తాండా అంటారు. తాండాకూ తాండాకూ నడుమ కోర్తీనా అనే వేరే సంగీతపు తునక కొద్ది క్షణాలు వినిపిస్తుంది. అప్పుడు అందరూ నేల ఖాళీ చేసి తమ తమ చోట్లకు వెళ్లిపోతారు. తర్వాతి తాండాలో మొదటి పాట ఎత్తుకోగానే తలెత్తి చుట్టూ చూడవలసిన సమయం అదే. ఎవరైనా తల వంచి సైగ చేస్తే ఒప్పుకుని కూడా కుర్చీలోంచి లేవకండి, ఆయన మీ ముందుకు వచ్చి నిలబడేదాకా ఆగండి. ఆ సైగ మీ వెనుక కుర్చీలో ఉన్నవారి కోసం కూడా కావచ్చు. ఒప్పుకున్నవారితో తాండా మొత్తం చేయడం మర్యాద. నడుమ ధన్యవాదాలు చెబితే ఇక చాలు అని అర్థం చేసుకుంటారు కాబట్టి మొదటి పాట కాగానే మనకు అలవాటైన కృతజ్ఞతతో ఆ మాట అనేయకండి. అయితే ఎదుటివారు చేయి ఉండకూడని చోట పెట్టినా, నొప్పి కలిగేలా పట్టుకున్నా, ఆ మాట ఏ క్షణంలోనైనా చెప్పి వచ్చేయడానికి మీకు పూర్తి హక్కు ఉంది. ఎందుకని ఎవరూ అడగరు, అడగకూడదు కూడా.

మరొక్క సంగతి. అలవాటైనవారు, ఎవరి నాట్యాన్ని తాము ఒకసారైనా చూశారో వారినే పిలవడానికి ఇష్టపడతారు. అందువల్ల కొత్త ఊళ్లో నేరుగా మిలోంగాకు వెళ్లకుండా, ముందు అక్కడి ప్రాక్తికాకు, అంటే అభ్యాసం కోసం కలిసే కూడికకు, వెళ్లడం మంచిది. అక్కడ మాట్లాడుకుంటారు, ఆగుతారు, అడిగి తెలుసుకుంటారు. అక్కడ పరిచయమైన ఇద్దరు ముగ్గురు మిలోంగాలో కనబడితే మీరు ఒంటరిగా మిగలరు.

ఈ మర్యాదల గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. టాంగో 19వ శతాబ్దం చివరి దశాబ్దాలలో దక్షిణ అమెరికాలోని రియో దె లా ప్లాతా నదీముఖ తీరాన ఉన్న బ్యూనస్ ఏరిస్, మోంటెవిడియో రేవుల పరిసరాల్లో రూపు దిద్దుకుంది. ఇటలీ నుంచీ, స్పెయిన్ నుంచీ వలస వచ్చినవారు, పల్లెల నుంచి పట్నం చేరినవారు, ఆఫ్రికా సంతతివారు అక్కడ కలిసి బతికారు. ఒకరి గురించి ఒకరికి ఏమీ తెలియనివారు పది పన్నెండు నిమిషాల పాటు ఒకరినొకరు పట్టుకుని నడిచే నాట్యం ఒక ఊళ్లో తరతరాలుగా నిలబడాలంటే, పిలవడానికీ, కాదనడానికీ, ముగించడానికీ అందరూ ఒప్పుకున్న పద్ధతి ఒకటి తప్పకుండా ఉండాలి. అడుగులను రెండు నెలలు ఆలస్యంగా నేర్చుకున్నా నష్టం లేదు. ఈ పద్ధతి లేకుండా మొదలైన బృందం మాత్రం, ముఖ్యంగా మనలాంటి చిన్న ఊళ్లలో, మొదటి చెడు అనుభవంతోనే చెదిరిపోతుంది. మీరు విజయనగరంలో బృందం పెడితే అడుగుల కంటే ముందు దీన్ని తెచ్చుకోవాలన్నది మీకు నేను చెప్పదలచిన ప్రధానమైన మాట.

అర్హత గురించి అడిగారు. తరగతి పెట్టి రుసుము తీసుకోవాలంటే గురువై ఉండాలి, నిజమే. కలిసి అభ్యాసం చేయడానికి పిలవాలంటే ఆ హోదా అవసరం లేదు. మీరు నేర్చుకున్న కొన్ని నెలల పాఠం నలుగురు కలిసి నడవడానికి చాలు, తెలియనిది తెలియదని చెబితే చాలు. అందుకే దాన్ని టాంగో తరగతి అనకండి, టాంగో అభ్యాసం అనండి.

ఎవరిని పిలవాలి? మొదట స్త్రీలనే పిలవమని నా సలహా. మీ అత్తయ్యగారి అభ్యంతరానికి భయపడి చెబుతున్న మాట కాదిది. టాంగోలో నడిపించే పాత్ర, అనుసరించే పాత్ర అని రెండు ఉంటాయి. నడిపించేది పురుషుడే కావాలన్నది అలవాటే తప్ప నియమం కాదు. బ్యూనస్ ఏరిస్‌లోనే పాత రోజుల్లో యువకులు ఆడవారితో నేల మీదికి రాకముందు, సాటి మగవారితో రెండు పాత్రలూ అభ్యాసం చేసేవారు. స్త్రీలు కలిసి ఆ పని చేయడానికి అడ్డేమీ లేదు. రెండు పాత్రలూ నేర్చుకున్నవారికి ఎదుటివారి కష్టం తెలుస్తుంది. పైగా జంట దొరకలేదని ఎవరూ గోడకు ఆనుకుని కూర్చోవలసిన అవసరం రాదు. ఇప్పుడు మీ విజయనగరం, మా శ్రీకాకుళం జిల్లాలు రెండింటిలోనూ ఏ వీధికి వెళ్లినా గుడి ఉత్సవాల కోసం కోలాటం నేర్చుకుంటున్న స్త్రీల బృందాలు కనబడుతున్నాయి. ముందున్న మనిషికీ తమకూ నడుమ ఎడం చూసుకోవడం, పాటలో కాలం మారగానే అడుగు మార్చుకోవడం వారికి చేతనైన విద్య. మీకు తెలిసిన బృందం ఉంటే అందులో ఇద్దరు ముగ్గురిని అడిగి చూడండి. శ్రీకాకుళంలో మాతో అభ్యాసం చేసేవారిలో అలా కోలాటం నుంచి వచ్చిన ఒకావిడ ఉన్నారు. నేల మీద జంటలు గడియారపు ముల్లు తిరిగే దిక్కుకు ఎదురు దిక్కున వరుసగా సాగాలనీ, ముందున్నవారిని దాటిపోకూడదనీ, నడిపించేవారు వెనక్కి పెద్ద అడుగు వేయకూడదనీ చెప్పగానే ఆమెకు మళ్లీ చెప్పవలసిన అవసరం రాలేదు. బాగా చదువుకున్న మగవారికి అదే మాట ప్రతి వారం చెబుతున్నాం.

చోటు గురించి పెద్దగా వెతకనక్కరలేదు. అపార్టుమెంటు కమ్యూనిటీ హాలు గానీ, ఆదివారం ఖాళీగా ఉండే ట్యూషన్ గది గానీ సరిపోతుంది. డాబా మీది గరుకు గచ్చు పాదాలకూ, మోకాళ్లకూ మంచిది కాదు. వారం, వేళ మాత్రం మార్చకండి. ఇద్దరే వచ్చినా ఆ వేళకు పాట పెట్టండి. ఈ వారం ఉందో లేదో అని ఫోను చేసి కనుక్కోవలసి వచ్చే బృందం ఎక్కువ కాలం నడవదు.

మొదటి రోజే కొన్ని మాటలు అందరితో ఒప్పించుకోండి. కాదన్నవారిని కారణం అడగకూడదు. నేల మీద నాట్యం సాగుతుండగా, అడగనిదే ఎవరూ ఎవరికీ పాఠం చెప్పకూడదు. మిలోంగాల్లో ఎదుటివారిని దిద్దడం అన్ని దేశాల్లోనూ అమర్యాదగానే చూస్తారు. ఫొటో, వీడియో అందులో కనబడే ప్రతి ఒక్కరూ ఒప్పుకుంటే తప్ప ఎక్కడా పెట్టకూడదు. ఈ చివరిది మీ ఊరికీ మా ఊరికీ అన్నిటికంటే ముఖ్యమైనది. పెద్ద నగరంలో ఎవరూ పట్టించుకోని పది క్షణాల వీడియో విజయనగరంలో వాట్సాప్ గ్రూపుల మీదుగా సాయంత్రానికి కళాశాల స్టాఫ్ రూముకు చేరుతుంది, దాన్ని చూసినవారికి దాని ముందూ వెనకా తెలియదు. తర్వాత పురుషులను చేర్చుకునేటప్పుడు, ఇదివరకే వస్తున్నవారిలో ఒకరికి బాగా తెలిసిన మనిషినే, ఈ మాటలన్నీ చెప్పి, చేర్చుకోండి. ఒకరి ప్రవర్తన గురించి ఎవరైనా చెబితే విని ఊరుకోకుండా, మరుసటి కూడిక లోపు ఆ మనిషితో మాట్లాడే బాధ్యత ఎవరిదో కూడా ముందే నిర్ణయించుకోండి.

ఇక అభ్యాసం ఏం చేయాలి? ముందు నడక. టాంగో అంటే కాలు గాలిలోకి విసరడం, మెడ ఝాడించడం అని టీవీ కార్యక్రమాలు చూసినవారు అనుకుంటారు. ఆ కాలి విసుర్లు రంగస్థలం కోసం కూర్చినవి. బ్యూనస్ ఏరిస్‌లో 2003 నుంచి జరుగుతున్న ప్రపంచ పోటీలు కూడా రంగస్థల టాంగోకు ఒక విభాగాన్నీ, కూడికల్లో చేసే టాంగోకు వేరొక విభాగాన్నీ ఉంచుతాయి. మనకు కావలసింది రెండోది. అందులో ముందే కూర్చిన వరుస ఉండదు. నడిపించేవారు పాట వింటూ ఆ క్షణానికి తోచిన అడుగును సూచిస్తారు, అనుసరించేవారు దాన్ని అందుకుని తమ తీరులో పూర్తి చేస్తారు. మన సంగీతంలో మనోధర్మం అనే దానికి ఇక్కడ ఇద్దరు కర్తలు ఉంటారన్నమాట.

మొదటి కొన్ని వారాలు ఇలా చేయండి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకరి ముంజేతుల మీద మరొకరు చేతులు ఆనించండి. అడుగు వేయకుండా, ఒక పాదం మీది బరువును రెండో పాదం మీదికి, పాటలోని ప్రతి దెబ్బకూ మార్చండి. నడిపించేవారు ఎప్పుడైనా మార్చకుండా ఆగిపోవాలి. అనుసరించేవారు కళ్లు మూసుకుని, ఎదుటివారి బరువు ఏ పాదం మీద ఉందో చేతుల ద్వారానే తెలుసుకోవాలి. అలవాటు లేనివారు ఇక్కడే తడబడతారు. దెబ్బ వినగానే కాలు తనంతట తానే కదిలిపోతుంది, భుజాలు బిగుసుకుంటాయి, బొటనవేలు ఎదుటివారి చేతిని నొక్కేస్తుంది. ఆ బొటనవేలిని గమనించమని చెప్పండి. అది వదులైతే మోచేయి వదులవుతుంది, మోచేయి వదులైతే భుజం దిగుతుంది, అప్పుడు ఎదుటివారి ఛాతీ కదలిక తెలియడం మొదలవుతుంది. నిండు గంగాళాన్ని చెరో పక్కన పట్టుకుని తొణక్కుండా మోసుకెళ్లే ఇద్దరికి మాటల్లేకుండానే ఒకరి నడక ఒకరికి ఎలా తెలుస్తుందో, ఇక్కడ తెలియవలసిందీ అలాంటిదే. ఇది కుదిరాక గది ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి, నడుమ ఆగండి, మళ్లీ నడవండి. దగ్గరి ఆలింగనం తర్వాత, ఎవరికి ఇష్టమైతే వారు, నేర్చుకోవచ్చు. చేతుల ఎడంతో కూడా టాంగో పూర్తిగా చేయవచ్చు. ఓచోలు, అంటే ఎనిమిది అంకె గీసినట్టు తిరిగే అడుగులు, మిగతా తిరుగుళ్లు ఆ తర్వాతి మాట.

మీ కూచిపూడి మీకు చాలా మేలు చేస్తుంది, ఒకటి రెండు చోట్ల అడ్డు కూడా పడుతుంది. లయ, నిలువు, ఒంటి పాదం మీద నిలకడ మీకు ఉన్నాయి. కానీ అరమండిలో మోకాళ్లు పక్కలకు తెరుచుకునే అలవాటు, పాదాన్ని నేలకు తట్టే అలవాటు ఇక్కడ మానుకోవాలి. టాంగోలో పాదం నేలను వదలకుండా జారుతుంది, ఒక చీలమండ రెండోదాన్ని ఒరుసుకుంటూ వెళ్తుంది. చూసేవారి వైపు ముఖం తిప్పడం కూడా మానాలి. ఇక్కడ మీ శ్రద్ధంతా ఎదురుగా ఉన్న ఒక్క మనిషి మీదే ఉండాలి.

మీవారి విషయంలో తొందరపడకండి. తాళజ్ఞానం లేదనేవారిలో చాలామందికి నిజానికి ఉన్నది నలుగురిలో తప్పు చేస్తామన్న జంకు. ఒక నెల పాటు, వారానికి ఒక్కసారి, ఇంట్లో, మూడు పాటలకు మించకుండా, నడకే చేద్దామని అడగండి. నెల తర్వాత వద్దంటే మళ్లీ అడగనని ముందే మాట ఇచ్చి, ఆ మాట నిలబెట్టుకోండి. టాంగో నేర్చుకునే భార్యాభర్తలు అభ్యాసంలో పోట్లాడుకోవడం ఎంతో మామూలు సంగతి. బయటివారి పొరపాటును సహించినంతగా ఇంట్లోవారిది సహించలేం. అందుకని పాట సాగుతున్నంతసేపూ ఇద్దరూ మాట్లాడకూడదని పెట్టుకోండి. పాట అయ్యాక కూడా మీరు ఇలా చేయాలి అనకుండా, నాకు ఇక్కడ బరువు ఎటుందో తెలియలేదు అనండి. దానికి ఆయన సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం ఉండదు, మరుసటి పాటలో తనే సరిచూసుకుంటారు. ఆయన చివరికి రాకపోయినా మీరు ఆగనక్కరలేదు, వచ్చినా ఆయన ఒక్కరితోనే చేయాలని పట్టుబట్టనూ కూడదు. పదిమందితో చేసినప్పుడే ఈ నాట్యం వస్తుంది.

అత్తయ్యగారితో వాదించకండి. వాదన కావాలంటే దొరుకుతుంది. మీరు నేర్చుకున్న కూచిపూడిలో ఒకప్పుడు స్త్రీ పాత్రలను కూడా పురుషులే వేసేవారు, ఇరవయ్యో శతాబ్దంలో ఆడపిల్లలు నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు దాన్నీ ప్రశ్నించినవారు ఉన్నారు. మన్యంలో థింసా ఆడే స్త్రీలు ఒకరి వెనుక ఒకరు చేతులు పెనవేసుకునే అడుగులు వేస్తారు. టాంగో పుట్టిన ఊళ్లోనే పెద్దింటివారు దాన్ని చాలాకాలం ఈసడించుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు పారిస్‌లో అది వెర్రిగా వ్యాపించాకే వారు ఇంటికి రానిచ్చారు. 2009లో యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. ఇవన్నీ నిజాలే, కానీ ఇవేవీ ఆవిడ అడిగినదానికి సమాధానాలు కావు. తన కోడలికి చెడ్డపేరు వస్తుందేమో, ఎవరైనా చనువు తీసుకుంటారేమో అన్నది ఆవిడ బెంగ. ఆ బెంగ అర్థం లేనిది కాదు. పైన చెప్పిన నియమాలను ఆవిడకు చదివి వినిపించండి. బృందంలో ఎవరెవరు ఉన్నారో, ఏ హాల్లో, ఏ వేళకు కలుస్తారో చెప్పండి. రెండు మూడు వారాలు గడిచాక ఒకసారి వచ్చి కూర్చోమనండి. దాచి వెళ్లడం మాత్రం ఒక్కసారి కూడా చేయకండి. దాచినదాన్ని తర్వాత ఎంత మంచిదని చెప్పినా ఎవరూ నమ్మరు. ఆవిడ చూసి కూడా ఒప్పుకోకపోతే, నలభై దాటిన మీరు మీ భర్తతో మాట్లాడుకుని నిర్ణయించుకోవచ్చు. పెద్దావిడ సమ్మతి దొరికేదాకా ఆగాలని నేను చెప్పను.

సాల్సా సంగతి. అది మంచి నాట్యమే, జంటగా కదలడం అలవాటవుతుంది, కొత్తవారి నడుమ బెరుకు పోతుంది. కానీ దాని సంగీతం వేరు, పట్టు వేరు, నడక వేరు. సాల్సా మీద ఇష్టం ఉంటే చేరండి, టాంగో వస్తుందని మాత్రం చేరకండి. ఎవరైనా టాంగో నేర్పుతామంటే, రుసుము కట్టే ముందు, అర్జెంటీనా టాంగోనా, పోటీల్లో చేసే బాల్‌రూమ్ టాంగోనా అని అడగండి. రెండోది ఇంగ్లండులో నియమాలు కట్టి స్థిరపరిచిన వేరే నాట్యం. ఆన్‌లైన్ పాఠాలు ఒంటరిగా చేసే నడక, నిలకడ సాధనకు పనికొస్తాయి. పట్టును మాత్రం మనిషి దగ్గరే నేర్చుకోవాలి. సెలవుల్లో బెంగళూరు వెళ్లినప్పుడు, మీ పాత తరగతి గురువుతో ఒకటి రెండు విడి పాఠాలు మాట్లాడుకోండి. కొత్త అడుగులు అడగకుండా, మీ నడకనూ, పట్టునూ దిద్దమని అడగండి. ఆ దిద్దుబాటు మీ బృందమంతటికీ కొన్ని నెలలు సరిపోతుంది.

పాటల విషయంలో మీ ఊరివారికి ఒక సౌలభ్యం ఉంది. 1919లో మొదలైన సంగీత కళాశాల ఉన్న ఊరు, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ ఆచార్యులుగా ఉన్న ఊరు మీది. కూర్చుని వినడం అక్కడివారికి నేర్పనక్కరలేదు. టాంగో వాద్యబృందంలో వయొలిన్లు, పియానో, డబుల్ బేస్‌తో పాటు బాండోనియాన్ ఉంటుంది. జర్మనీలో పుట్టిన ఆ వాద్యంలో, మన హార్మోనియంలో లాగే, తిత్తిలోని గాలి లోహపు రీడ్లను పలికిస్తుంది. నాట్యానికి నేటికీ ఎక్కువగా వేసేవి సుమారు 1935 నుంచి 1955 వరకు రికార్డయిన పాటలు. నడక సాధనకు కార్లోస్ డి సార్లి బృందం వాయించినవి తీసుకోండి. అందులో దెబ్బ స్పష్టంగా, నిదానంగా పడుతుంది. కాలు హుషారుగా కదలాలంటే హువాన్ డారియెన్సో. ఆయనను లయకు రాజు అని పిలిచేవారు. ఓస్వాల్దో పుగ్లియెసే సంగీతం ఎంతో గొప్పది, కానీ అందులో కాలం సాగుతుంది, ఆగుతుంది. దాన్ని మొదటి ఏడాది వినడానికే ఉంచుకోండి. టాంగో నడక చతురస్రంలో, అంటే నాలుగేసి లెక్కల్లో ఉంటే, మిలోంగాల్లో వేసే వాల్స్ పాటలు తిశ్రంలో, అంటే మూడేసి లెక్కల్లో ఉంటాయి. మీ శిక్షణకు అవి తొందరగా పట్టుబడతాయి. వారానికి ఒకరోజు, నాట్యం లేకుండా, అందరూ కూర్చుని ఒక తాండా వినండి.

బట్టల గురించి రెండు మాటలు. అనుసరించేవారు వెనక్కి వేసే అడుగు పొడుగ్గా ఉంటుంది కాబట్టి చీర కుచ్చిళ్లు మడమ కింద పడతాయి, సల్వార్ మేలు. చున్నీ తీసి పక్కన పెట్టండి. జడను ముడి చుట్టుకోండి. నడిపించేవారి కుడి చేయి మీ వీపు మీద ఉంటుంది, జడ దాని కింద చిక్కుకుంటే తల తిప్పిన ప్రతిసారీ లాగుతుంది. గాజులు, గడియారం ఎదుటివారి చొక్కాకు పట్టుకుంటాయి. మన ఉక్కపోతలో తువ్వాలు, మార్చుకోవడానికి ఇంకో జత బట్టలు అందరూ తెచ్చుకోవాలి. దగ్గరగా నిలబడే నాట్యంలో ఇది సోకు కాదు, ఎదుటివారి పట్ల మర్యాద.

ఇక వయసు. బ్యూనస్ ఏరిస్ మిలోంగాల్లో డెబ్బై ఏళ్లు దాటినవారు రోజూ కనబడతారు, వారితో చేయడం కోసం కుర్రవారు ఎదురుచూస్తారు. 41 ఏళ్లకు దీన్ని మొదలుపెట్టినవారు అన్ని ఊళ్లలోనూ ఉన్నారు. మోకాలి నొప్పికి మాత్రం మీరు వెంటనే చూడవలసింది మీ బూట్ల అడుగుభాగం. రబ్బరు అడుగు నేలను గట్టిగా పట్టుకుంటుంది. తుంటి తిరుగుతుంది, పాదం తిరగదు, ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది. మేజోళ్లతో టైల్స్ మీద చేస్తే జారిపడే ప్రమాదం ఉంది. కాలికి అమరే, మడమ వెనుక పట్టీ ఉన్న పాత బూట్లు ఒక జత తీసుకుని, మీ ఊళ్లో చెప్పులు కుట్టేవారి చేత అడుగున పలచని తోలు వేయించుకోండి. ఆ జతతో వీధిలో నడవకండి, వీధిలో తోలు గరుకవుతుంది. తిరిగేటప్పుడు బరువంతా పాదం ముందుభాగం మీద ఉంచి, మడమను నేలకు కాస్త పైన ఉంచండి, మోకాలిని కొద్దిగా సడలించండి. ఇలా మూడు నాలుగు వారాలు చేశాక కూడా నొప్పి తగ్గకపోతే, తిరుగుళ్లు ఆపి, నడక ఒక్కటే చేస్తూ, ఎముకల వైద్యుడికి చూపించుకోండి.